ప్లీజ్ అన్నా పోయిన మార్కులు: ఓ స్టాఫ్ నర్సు స్పీకింగ్ కేసు

విజయవాడలో ఓ కార్పొరేట్ ఆసుపత్రి, ఆర్థో వార్డులో స్టాఫ్ నర్సు. బీఎస్సీ నర్సింగ్ చేశారు, పనిలో మంచి అనుభవం ఉంది, బ్రిటన్ ఉద్యోగానికి ఏజెన్సీ ఇంటర్వ్యూ కూడా అయిపోయింది. మిగిలింది ఓఈటీ, అంటే వైద్యరంగం వాళ్లకు పెట్టే ఇంగ్లీషు పరీక్ష. అందులోనూ లిజనింగ్, రీడింగ్, రైటింగ్ గట్టెక్కాయి. స్పీకింగ్ మాత్రం 320 దగ్గర ఆగిపోయింది. బ్రిటన్‌లో నర్సులను రిజిస్టర్ చేసే ఎన్‌ఎంసీ స్పీకింగ్‌లో బి గ్రేడ్ అడుగుతుంది, అంటే 500కి కనీసం 350 రావాలి. ఈ కేసు రాయడానికి ఆమె ఒప్పుకున్నారు. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను, పేరు బదులు సిస్టర్ అనే రాస్తున్నాను.

ఇంగ్లీషు నేర్పే నా దగ్గరికొచ్చి ఆమె అడిగింది ఒకటే. ‘టెన్సెస్ మళ్లీ మొదట్నుంచి చెప్పండి మేడమ్, నా గ్రామర్ వీక్.’ అంతకుముందు వెళ్లిన కోచింగ్‌లో యాక్సెంట్ సమస్య అన్నారట. రెండూ నాకు నమ్మబుద్ధి కాలేదు. పది నిమిషాలు మాట్లాడితే తెలిసిపోతుంది కదా, ఆమె ఇంగ్లీషు ధారాళంగా ఉంది, మాట స్పష్టంగా ఉంది.

పరీక్ష సంగతి తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. ఓఈటీ స్పీకింగ్‌లో రెండు రోల్‌ప్లేలు, ఒక్కోటి ఐదు నిమిషాలు ఉంటుంది. ముందు కార్డు చదువుకోవడానికి మూడు నిమిషాలిస్తారు. ఎదురుగా ఉన్నవాళ్లు పేషెంటుగానో, బంధువుగానో నటిస్తారు. మార్కులు వాళ్లు వెయ్యరు, రికార్డింగ్ విని వేరేవాళ్లు వేస్తారు. ఉచ్చారణ, ధారాళత, సందర్భానికి తగిన భాష, వ్యాకరణ సంపద అని భాషకు నాలుగు అంశాలు. పేషెంటుతో సంబంధం కలుపుకోవడం, వాళ్ల వైపు నుంచి ఆలోచించడం లాంటివి మరో ఐదు. అభ్యర్థి చేతికి వచ్చే ఫలితంలో ఏ అంశంలో ఎంత పోయిందో ఉండదు, మొత్తం అంకె మాత్రమే ఉంటుంది. అందుకే ఫెయిలైనవాళ్లలో చాలామంది పోయింది ఒకచోటైతే ఇంకోచోట వెతుకుతుంటారు.

రికార్డింగ్‌లో వినిపించింది

మొదటి క్లాసులో పాఠమేమీ చెప్పలేదు. ఒక కార్డు రాసిచ్చాను. మోకాలి మార్పిడి ఆపరేషనైన మర్నాడు, అరవై దాటిన పెద్దమనిషి నొప్పికి భయపడి మంచం దిగనంటున్నాడు. ఆయనతో నాలుగడుగులు వేయించాలి. పేషెంటు నేనే. ఫోన్‌లో రికార్డు చేశాం. సంభాషణ దాదాపు ఇలా నడిచింది.

‘గుడ్ మార్నింగ్ సర్. ప్లీజ్ టెల్ యువర్ నేమ్.’

‘ప్లీజ్ గెట్ అప్ అండ్ వాక్ ఫర్ సమ్ టైమ్.’

నొప్పిగా ఉంది, ఇవాళ వద్దు అన్నాను.

‘నో సర్, యు హావ్ టు వాక్. అదర్‌వైజ్ క్లాట్ విల్ కమ్. వన్స్ గివ్ యువర్ హ్యాండ్.’

‘ఐ విష్ మై డాటర్ వర్ హియర్’ అన్నాను నిట్టూరుస్తూ.

‘ఓకే సర్. వెన్ ఈజ్ షి కమింగ్?’

‘షి లివ్స్ ఇన్ కెనడా.’

‘ఓకే సర్. డోంట్ వర్రీ, ఎవ్రీథింగ్ విల్ బి ఫైన్. ప్లీజ్ స్టాండ్.’

ఇందులో ఎర్ర పెన్నుతో కొట్టేయాల్సిన తప్పులు పెద్దగా లేవు. చెప్పిన వైద్య విషయమూ సరైనదే, ఆపరేషన్ తర్వాత కదలకపోతే రక్తం గడ్డకట్టే ప్రమాదం నిజంగానే ఉంది. ఆమె ముఖం చూస్తూ వింటే నవ్వు కనిపిస్తుంది, మెత్తదనం తెలుస్తుంది. కళ్లు మూసుకుని ఆడియో ఒక్కటే వింటే మాత్రం ఎవరో వార్డెన్ హాస్టల్ పిల్లల్ని నిద్ర లేపుతున్నట్టుంది. మూడు ‘ప్లీజ్’లు ఉన్నాయి. అయినా పేషెంటు ‘వద్దమ్మా’ అనడానికి ఎక్కడా చోటు లేదు. ఆజ్ఞార్థక క్రియకు ముందు ‘ప్లీజ్’ తగిలిస్తే ఇంగ్లీషులో అది మర్యాదగా చెప్పిన ఆజ్ఞ అవుతుంది, అంతే. అభ్యర్థన కావాలంటే అది చాలదు.

కూతురి మాట దగ్గర జరిగింది ఇంకా ముఖ్యం. ‘ఐ విష్ షి వర్ హియర్’ అంటే ఆమె ఇక్కడ లేదు, ఉంటే బాగుండేదని బెంగ. అడుగుతున్నది కూతురు వచ్చే తేదీ గురించి కాదు. సిస్టర్‌కి ఆ వాక్యంలో మాటలన్నీ అర్థమయ్యాయి, బెంగ అందలేదు. మార్కులు వేసేవాళ్లు సరిగ్గా ఇలాంటి చోటే పెన్ను పెడతారు.

ఆమె తెలుగులో ఎలా మాట్లాడతారు

ఇలాంటి కేసుల్లో చాలామంది చేసేది ‘వుడ్ యు’, ‘కుడ్ యు’ వాక్యాలు ఓ యాభై ఇచ్చి బట్టీ పట్టించడం. టెన్షన్ వచ్చిన క్షణంలో బట్టీ మొత్తం ఎగిరిపోయి మళ్లీ ‘ప్లీజ్ గెట్ అప్’ దగ్గరికే వస్తారు. అందుకని సిస్టర్‌కి వేరే పని పెట్టాను. డ్యూటీలో పేషెంట్లతో తెలుగులో ఏమేం అడుగుతున్నారో ఓ చిన్న నోట్‌బుక్‌లో రాసుకురమ్మన్నాను. ఇంగ్లీషు క్లాసుకొస్తే తెలుగు రాయమంటుందేమిటని మొదట నవ్వారు. కానీ ఆమె తెచ్చిన పేజీలు బంగారం.

‘పెద్దమ్మా, ఒకసారి చెయ్యి చూపించండి.’ ‘బాబాయ్, కొంచెం అటు ఒత్తిగిలండి.’ ‘ఈ మాత్ర వేసేసుకుంటారా, బీపీ చూసొస్తాను.’ ‘రౌండ్స్ టైమండీ, పేషెంటు దగ్గర ఒక్కరే ఉంటే బాగుంటుంది.’ ‘కాస్త ఇటు తిరిగితే డ్రెస్సింగ్ చేసేస్తానమ్మా.’

ఎంత మర్యాదగా ఉన్నాయో చూడండి. ఆ మర్యాద ఎక్కడెక్కడ దాక్కుందో ఇద్దరం కలిసి గీతలు గీశాం. క్రియ చివర ‘అండి’ ఉంది. పెద్దమ్మా, బాబాయ్ అన్న వరస ఉంది. ‘ఒకసారి’, ‘కొంచెం’, ‘కాస్త’ ఉన్నాయి. ప్రశ్న రూపం ఉంది. ఇంగ్లీషులోకి దిగేసరికి మొదటి రెండూ ఊడిపోతాయి. ఇంగ్లీషు క్రియకు ‘అండి’ తగిలించలేం. బ్రిటన్‌లో ముక్కూముఖం తెలియని పెద్దాయన్ని అంకుల్ అంటే ఆయన వెనక్కి తిరిగి చూస్తాడు. ‘ఒకసారి’ కాస్తా ‘వన్స్’ అయిపోయింది, ‘వన్స్ గివ్ యువర్ హ్యాండ్’. మన సాఫ్ట్‌వేర్ వాళ్లు కూడా ‘వన్స్ చెక్ అండ్ టెల్’ అనడం ఇందుకే. తెలుగువాడికి అది బతిమాలుతున్నట్టే వినిపిస్తుంది. బ్రిటిష్ మనిషికి ‘ఒక్కసారే ఇవ్వు, రెండోసారి వద్దు’ అన్నట్టుంటుంది.

ఆఖరి రెండు వాక్యాల కింద మాత్రం రెండు గీతలు గీశాను. ‘ఒక్కరే ఉంటే’, ‘ఇటు తిరిగితే’. పని చెప్పకుండానే పని చెప్పడం. తిరగమని అనలేదు, తిరిగితే ఏమవుతుందో చెప్పారంతే. తిరగడం, తిరగకపోవడం అవతలివాళ్ల ఇష్టంలా ఉంది. అంటే ఇంగ్లీషు వాళ్లు ‘ఇఫ్’తో చేసే మర్యాద సిస్టర్‌కి కొత్తేం కాదు, రోజూ వార్డులో చేస్తున్నదే. పరీక్ష గదిలో దాన్ని వాడాలని ఎవరూ చెప్పలేదు. స్కూల్లో ‘ఇఫ్ ఐ వర్ ఎ బర్డ్, ఐ వుడ్ ఫ్లై’ అని అందరం బట్టీ కొట్టాం. పక్షిగా మారే అవకాశం ఎవరికీ రాలేదు గానీ, అదే నిర్మాణంతో ఒకరిని చెయ్యి పైకెత్తమని అడగొచ్చని ఆ పాఠంలో లేదు.

తేడా ఉన్నదెక్కడంటే క్రియలో. ‘మీరొస్తే బాగుంటుంది’, ‘మీరొస్తే బాగుండేది’. మొదటి సగం మారలేదు. జరిగేదా, జరగనిదా అన్నది ఆఖరి క్రియే చెబుతుంది. ‘వచ్చుంటే’ అన్న రూపం ఉన్నా, ‘వస్తే బాగుండేది’ అని కూడా హాయిగా అంటాం. ఇంగ్లీషులో రెండు సగాలూ వెనక్కి జరగాలి. ‘ఇఫ్ యు కమ్’కి జోడీ ‘విల్ బి’, ‘ఇఫ్ యు కేమ్’కి జోడీ ‘వుడ్ బి’, ‘ఇఫ్ యు హ్యాడ్ కమ్’కి జోడీ ‘వుడ్ హావ్ బీన్’. మనవాళ్లు రెండో సగం దిద్దుకున్నా మొదటి సగాన్ని తెలుగు అలవాటు ప్రకారం వదిలేస్తారు. ‘ఇట్ వుడ్ బి గుడ్ ఇఫ్ యు కమ్’ అంటారు. దానికి కొంపలేం మునగవు, అర్థమవుతుంది. కోరిక చెప్పేటప్పుడు మాత్రం ఈ అలవాటు దెబ్బకొడుతుంది, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ఎందుకు భూతకాలం

సిస్టర్ అడిగిన ప్రశ్న నాకు నచ్చింది. ‘ఇప్పుడే బీపీ చూస్తాను కదా మేడమ్, మరి ‘వుడ్ యు మైండ్ ఇఫ్ ఐ చెక్డ్’ అని నిన్న చూసినట్టు ఎందుకు?’

తెలుగులోంచే జవాబు చెప్పాను. ఒక్క మనిషిని ‘మీరు’ అంటాం. బహువచనమే, కానీ ఎంతమంది అని ఎవరూ లెక్కపెట్టరు. సంఖ్యను గౌరవానికి వాడుకున్నాం. ఇంగ్లీషులో ‘యు’ ఒక్కటే మిగిలింది, ఆ దారి మూసుకుపోయింది. వాళ్లు కాలాన్ని వాడుకున్నారు. క్రియను ఒక అడుగు వెనక్కి జరిపితే మూడు పనులు జరుగుతాయి. నిజంగా గడిచిపోయిన సంగతి చెప్పొచ్చు, జరగని ఊహ చెప్పొచ్చు, ఎదుటి మనిషికి కాస్త ఎడం ఇచ్చి అడగొచ్చు. ‘కెన్ యు’ కన్నా ‘కుడ్ యు’, ‘ఐ వాంట్’ కన్నా ‘ఐ వాంటెడ్ టు ఆస్క్’, ‘ఐ యామ్ వండరింగ్’ కన్నా ‘ఐ వాజ్ వండరింగ్ ఇఫ్’ మెత్తగా వినిపించేది అందుకే. ‘మీరు’ ఉదాహరణ చెప్పాక ఆమె మళ్లీ ఆ ప్రశ్న వెయ్యలేదు. తర్వాతి బ్యాచ్‌లకూ నేను ఇక్కడి నుంచే మొదలుపెడుతున్నాను.

తర్వాత రెండే రెండు మూసలు ఇచ్చాను, పని ఎవరు చేస్తారన్నదాన్ని బట్టి. పని నేను చేస్తుంటే, ‘వుడ్ యు మైండ్ ఇఫ్ ఐ’ అని మొదలుపెట్టి క్రియ భూతకాలంలో. ‘వుడ్ యు మైండ్ ఇఫ్ ఐ హ్యాడ్ ఎ లుక్ ఎట్ ది వూండ్?’ పని పేషెంటు చేయాలంటే, ‘ఇఫ్ యు కుడ్ జస్ట్’ అని మొదలుపెట్టి ‘ఫర్ మి’తో ఆపేయడం. ‘ఇఫ్ యు కుడ్ జస్ట్ రోల్ అప్ యువర్ స్లీవ్ ఫర్ మి.’ రెండో సగమే లేదు, వాక్యం గాల్లో వేలాడుతున్నట్టుంటుంది. బ్రిటిష్ ఆసుపత్రుల్లో రోజంతా వినిపించేది ఇదే. ‘కాస్త ఇటు తిరిగితే’ అని ఆపేసి ఊరుకోవడం మనకూ తెలుసు కాబట్టి సిస్టర్‌కి వెంటనే పట్టుబడింది. ఆమె ‘వన్స్’ ఉన్న ప్రతిచోటా ఈ ‘జస్ట్’ కూర్చుంది.

మొదటి మూసకు మర్యాదతో పాటు ఇంకో పనీ ఉంది. బ్రిటన్‌లో పేషెంటును ముట్టుకునే ముందు సమ్మతి తీసుకోవడం నర్సు వృత్తి నియమావళిలో భాగం. ‘వుడ్ ఇట్ బి ఆల్‌రైట్ ఇఫ్ ఐ’ అని అడిగి, జవాబు కోసం ఆగితే ఆ సమ్మతి అక్కడే దొరుకుతుంది. ‘ప్లీజ్ గివ్ యువర్ హ్యాండ్’లో సమ్మతి అడిగిన జాడే లేదు. ఇది తెలిశాక సిస్టర్ ఈ వాక్యాలను అలంకారంలా చూడటం మానేశారు.

ఇక్కడ ఒక చిక్కొచ్చింది. ‘ఐ వుడ్ బి గ్రేట్‌ఫుల్ ఇఫ్ యు వుడ్ ఫిల్ ఇన్ దిస్ ఫామ్’ అని రాసిస్తే ఆమె ఒప్పుకోలేదు. ‘ఇఫ్ పక్కన వుడ్ రాకూడదని ఇంటర్‌లో చెప్పారు మేడమ్.’ చెప్పింది నిజమే, షరతు చెప్పేటప్పుడు రాకూడదు. ‘ఇఫ్ ఇట్ వుడ్ రెయిన్’ తప్పు. కానీ ఆ ‘వుడ్’కి ఇష్టపడటం, ఒప్పుకోవడం అన్న అర్థం ఉన్నప్పుడు ‘ఇఫ్’ పక్కన చక్కగా ఇముడుతుంది. ‘ఇఫ్ యు వుడ్ టేక్ ఎ సీట్’ అంటే కూర్చోవడానికి మీకు అభ్యంతరం లేకపోతే అని. వానకు ఇష్టాయిష్టాలుండవు, పేషెంటుకు ఉంటాయి.

ఇంకో చిక్కు జవాబు దగ్గర. నేను పేషెంటుగా ‘వుడ్ యు మైండ్ ఇఫ్ ఐ ఆస్క్డ్ యు సమ్‌థింగ్?’ అంటే ఆమె ఉత్సాహంగా ‘యెస్ సర్, యెస్!’ అనేవారు. ‘అవును, నాకు అభ్యంతరమే’ అన్నట్టు. ‘నాట్ అట్ ఆల్’ అని నోటికి రావడానికి చాలా కాలం పట్టింది. నిజానికి బ్రిటిష్ వాళ్లు కూడా ‘యెస్, ష్యూర్’ అంటుంటారు, నవ్వుతూ అంటే ఎవరూ తప్పు పట్టరు. కానీ పరీక్ష రికార్డింగ్‌లో నవ్వు కనిపించదు కదా.

అన్నిటికన్నా ఎక్కువ సమయం పెట్టింది అభ్యర్థనను, హామీని విడదీయడం మీద. ‘వుడ్’ రుచి మరిగాక ఆమె అన్నిటికీ అదే వాడటం మొదలుపెట్టారు. ‘ఇఫ్ ఇట్ గాట్ టూ పెయిన్‌ఫుల్, వి వుడ్ స్టాప్’ అన్నారు. గ్రామర్ సరైనదే. కానీ మంచం మీదున్న మనిషికి అది ఊహలా వినిపిస్తుంది, నొప్పొస్తే నిజంగా ఆపుతారో లేదో తెలియదు. హామీ గట్టిగా ఉండాలి. ‘ఇఫ్ ఇట్ గెట్స్ టూ మచ్, వి విల్ స్టాప్ స్ట్రెయిట్ అవే.’ అడిగేటప్పుడు ‘వుడ్’, మాటిచ్చేటప్పుడు ‘విల్’. సిస్టర్ దీన్ని అరచేతి మీద రాసుకున్నారు, తర్వాత చూస్తే శానిటైజర్‌కి సగం చెరిగిపోయి ఉంది.

కోరికలు, బెంగలు

‘హోప్’, ‘విష్’ రెంటినీ మనం కలిపేస్తాం. ‘ఐ విష్ యు విల్ గెట్ వెల్ సూన్’ అని గ్రీటింగ్ కార్డు భాషలో అనేస్తాం. జరిగే అవకాశం ఉన్నదానికి ‘ఐ హోప్ యు విల్’ లేదా ‘ఐ హోప్ యు ఫీల్ బెటర్ సూన్’. జరగనిదానికి, లేనిదానికి ‘ఐ విష్’, ఆ వెనక క్రియ ఒక అడుగు వెనక్కి. ‘ఐ విష్ ఐ కెన్’ చెల్లదు, ‘ఐ విష్ ఐ కుడ్’ అనాలి. తెలుగులో ‘ఉంటే బాగుండు’ అని ఒకే చోట సరిపెట్టుకునే అలవాటు వల్ల ఈ వెనకడుగు మర్చిపోతాం. ‘వర్’ అనాలా ‘వాజ్’ అనాలా అని ఆమె తెగ ఆందోళన పడ్డారు. మాట్లాడేటప్పుడు రెండూ వినిపిస్తాయి, దాని మీద నిద్ర పాడుచేసుకోవద్దన్నాను.

అసలు పని వినడంలో ఉంది. పేషెంటు ‘ఐ విష్’ అన్నా, ‘ఇఫ్ ఓన్లీ’ అన్నా అది సమాచారం అడగడం కాదు, ఒక లోటు చెప్పుకోవడం. వెంటనే ప్రశ్న వెయ్యకుండా ఆ లోటును పేరు పెట్టి గుర్తించాలి. కూతురి మాటకు ‘ఇట్ మస్ట్ బి హార్డ్ గోయింగ్ త్రూ దిస్ వితవుట్ హర్’ అని ఒక్క వాక్యం, ఆ తర్వాత ఒక క్షణం ఆగి ‘వుడ్ యు లైక్ టు గివ్ హర్ ఎ రింగ్ బిఫోర్ వి ట్రై?’ అని సాధన చేశాం.

రెండో వైపు, నర్సు తానే ‘ఐ విష్’ అనడం. ఎముకల వార్డులో రోజూ వచ్చే సందర్భమే. ఇంకో ఇంజెక్షన్ ఇవ్వమంటారు, టైమ్ కాలేదు. సిస్టర్ జవాబు ‘నో సర్, నాట్ పాజిబుల్, డోంట్ వర్రీ’. తెలుగులో ‘ఏం కాదులే బాబాయ్, తగ్గిపోద్ది’ అంటే ఊరట. ఇంగ్లీషులో ‘ఎవ్రీథింగ్ విల్ బి ఫైన్’ అంటే చేతిలో లేనిదానికి మాటిచ్చినట్టు. ‘ఐ విష్ ఐ కుడ్ గివ్ యు సమ్‌థింగ్ రైట్ నౌ. ది నెక్స్ట్ డోస్ ఈజ్ డ్యూ ఎట్ టెన్. వుడ్ ఇట్ హెల్ప్ ఇఫ్ వి మూవ్డ్ దట్ పిల్లో?’ అన్నది దాని స్థానంలో వచ్చింది. మనసు పేషెంటు వైపే ఉందని తెలుస్తుంది, కాదన్న సంగతీ అర్థమవుతుంది. 2001లోనే అమెరికాలో ఓ ప్రముఖ వైద్య పత్రికలో ముగ్గురు వైద్యులు అచ్చంగా ఈ ‘ఐ విష్’ వాక్యం మీద వ్యాసం రాశారు, నయం కాని జబ్బుల్లో పేషెంటు ఆశను కొట్టిపారేయకుండా, అబద్ధమూ చెప్పకుండా మాట్లాడటానికి. నర్సింగ్ కాలేజీ సిలబస్‌లో ఇలాంటివి ఒక్క గంట పెట్టినా బాగుండేది.

‘ఇఫ్ యు హ్యాడ్ టోల్డ్ అస్ ఎర్లియర్’ అన్న మూడో రకాన్ని వార్డులో వాడొద్దని చెప్పాను. ‘ముందే చెప్పుంటే బాగుండేది కదా’ అన్నంత పుల్లవిరుపు అందులోనూ ఉంది.

మోతాదు మించినప్పుడు

కొన్ని వారాలకు సిస్టర్ మర్యాదలో మునిగిపోయారు. ఇంకో రోల్‌ప్లేలో పేషెంటు మంచం మీంచి జారబోతున్నాడని కార్డులో ఉంది. ‘ఐ వాజ్ వండరింగ్ ఇఫ్ యు కుడ్ పాసిబ్లీ...’ అని మొదలుపెట్టారు. ఆ వాక్యం పూర్తయ్యేలోగా పేషెంటు నేలమీద ఉంటాడు. అలాంటప్పుడు ‘స్టే స్టిల్. హోల్డ్ మై ఆర్మ్.’ ఇంగ్లీషు వాళ్లు ప్రమాదంలో ఆజ్ఞలే ఇస్తారు, ఎవరూ నొచ్చుకోరు.

డాక్టరును ఫోన్‌లో పిలిచేటప్పుడు ఇది ప్రాణాల మీదకు తెస్తుంది. మన ఆసుపత్రుల్లో డాక్టరుగారితో నర్సు తగ్గి మాట్లాడటం మామూలే, ఆ తగ్గడాన్ని ఇంగ్లీషులో ‘ఇట్ వుడ్ బి గుడ్ ఇఫ్ యు కుడ్ మేబీ కమ్’ అని పోస్తే అవతలివాళ్లకు అవసరం తెలియదు. బ్రిటన్‌లో వార్డు పేషెంట్లకు ‘న్యూస్ 2’ అనే స్కోరు వేస్తారు, శ్వాస, నాడి, బీపీ, ఆక్సిజన్ లాంటి అంశాలను బట్టి. మొత్తం 5 వస్తే అర్జెంటు, 7 గానీ అంతకు మించి గానీ వస్తే ఎమర్జెన్సీ. అప్పుడు చెప్పాల్సింది ‘హిజ్ న్యూస్ స్కోర్ ఈజ్ 7. ఐ యామ్ వర్రీడ్ అబౌట్ హిమ్. ఐ వుడ్ లైక్ యు టు కమ్ అండ్ సీ హిమ్ నౌ.’ ఇందులోనూ ‘వుడ్’ ఉంది, కానీ మెతకదనం లేదు. ‘ఐ వుడ్ లైక్ యు టు’ అంటే స్పష్టమైన డిమాండే, మర్యాద తప్పని డిమాండ్. ఈ తేడా పట్టుకోవడానికి సిస్టర్ వాయిస్ మెసేజ్‌లు పెట్టేవారు, నైట్ డ్యూటీ దిగాక ఆటోలో వెళ్తూ. వెనక హారన్లు, మధ్యలో ‘ఐ యామ్ వర్రీడ్’.

ఫలితం, ఆ తర్వాత

తర్వాతి ప్రయత్నంలో స్పీకింగ్ 370 వచ్చింది. ఉచ్చారణ మీద మేం విడిగా ఏ పనీ చెయ్యలేదు, టెన్సెస్ పుస్తకం తెరవలేదు. అలాగని ఈ ఒక్క పనే మార్కులు తెచ్చిందని చెప్పలేను, అంశాలవారీ లెక్క చేతికి రాదు కాబట్టి. రికార్డింగ్‌ల్లో మారినవి మాత్రం ఇవే.

వెళ్లాక నర్సు పని చేయించి చూసే ఓస్కీ అనే ప్రాక్టికల్ పరీక్ష పాసయ్యారు, ఉత్తర ఇంగ్లండులో ఓ ఊళ్లో వార్డులో చేరారు. అక్కడ తేలింది, మేం సగం పనే చేశామని. అడగడం వచ్చింది, వాళ్లు అడిగేది పట్టుకోవడం మిగిలిపోయింది. ఒక ముసలావిడ ‘యు కుడెంట్ పాస్ మి దట్ గ్లాస్, కుడ్ యు, లవ్?’ అంటే, తనకు చేతకాదని అంటోందనుకుని సిస్టర్ చిన్నబుచ్చుకున్నారట. కాదని ముందే అనేసుకుని అడగడం వాళ్ల పద్ధతి, అవతలివాళ్లు కాదన్నా ఇబ్బంది పడకూడదని. ‘ఐ డోంట్ సపోజ్ యు కుడ్’ కూడా అంతే. వార్డు మేనేజర్ ‘యు మైట్ వాంట్ టు రీచెక్ దట్ చార్ట్’ అంటే ఇష్టమైతే చూడమని కాదు, ఇప్పుడే చూడమని. ‘ఇఫ్ యు వాంట్ టు పాప్ యువర్సెల్ఫ్ డౌన్ దేర్’ అంటే అక్కడ కూర్చోమని. ‘పాప్’ అన్న మాట అక్కడి నర్సులు దేనికైనా వాడతారు, చొక్కా విప్పమనడానికీ, మంచమెక్కమనడానికీ.

పేరు అడిగే సంగతీ అక్కడే కుదుటపడింది. కేట్ గ్రేంజర్ అనే డాక్టరు తానే క్యాన్సర్‌తో ఆసుపత్రిలో చేరినప్పుడు, తనను చూడటానికొచ్చిన సిబ్బందిలో చాలామంది పేరైనా చెప్పట్లేదని గమనించి 2013లో ‘హలో మై నేమ్ ఈజ్’ అని ప్రచారం మొదలుపెట్టారు. ఆమె 2016లో పోయారు, ఆ అలవాటు బ్రిటన్ ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్‌లో నిలిచింది. ‘ప్లీజ్ టెల్ యువర్ నేమ్’ బదులు సిస్టర్ ఇప్పుడు ముందు తన పేరు చెప్పి, ‘వాట్ వుడ్ యు లైక్ మి టు కాల్ యు?’ అని అడుగుతున్నారు. పెద్దమ్మ, బాబాయ్‌లకు అక్కడ దొరికిన ప్రత్యామ్నాయం అదే.

ఈమధ్య డ్యూటీ మార్పిడి కోసం తోటి నర్సుకు వాట్సాప్ పెట్టాలని నన్నడిగారు. ఇద్దరం కూర్చి రాసింది: ‘హాయ్, ఐ డోంట్ సపోజ్ దేర్ ఈజ్ ఎనీ ఛాన్స్ యు కుడ్ స్వాప్ మై సండే? నో వర్రీస్ ఇఫ్ నాట్.’ ‘ఒక్క ఆదివారానికి ఇంత తిరగాలా మేడమ్’ అన్నారు సిస్టర్. ఆదివారం కుదరదు గానీ శనివారమైతే సరేనని జవాబొచ్చింది, ఆ శనివారంతోనే సర్దుకున్నారు.

ఇంకా పోనిది ‘కైండ్లీ’. మాటల్లోంచి పోయింది, మెయిళ్లలో అలాగే ఉంది. ‘కైండ్లీ డు ది నీడ్‌ఫుల్’ ఇక్కడ ఆఫీసు మర్యాద, అక్కడ విసుగుతో కొట్టిన మెయిల్‌లా చదువుతారు. దాని బదులు ‘వుడ్ యు బి ఏబుల్ టు’ పెట్టడం అలవాటు చేస్తున్నాం, పంపే ముందు ఒక్కో మెయిల్ నాకు ఫార్వర్డ్ చేస్తున్నారు.